ఉప్పునీటి తొట్టి చేపలు — తెల్లచుక్కల వ్యాధి

సముద్రపు చేపలను అద్దాల తొట్టిలో పెంచేవారికి ఒక వింత సమస్య తరచుగా ఎదురవుతుంది. ఒకనాటి ఉదయం చేప ఒంటి మీదను, రెక్కల మీదను ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడుతవి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటుంది. పెంచేవారు కంగారుపడి ఏదో ఒక మందు తెచ్చి నీటిలో కలుపుతారు. నాలుగైదు రోజులలో చుక్కలన్నీ మాయమవుతవి. వ్యాధి కుదిరిందని సంతోషిస్తారు. వారం పదిరోజులు గడిచేసరికి చుక్కలు తిరిగి వస్తవి. ఈసారి ఒక్క చేప మీదనే కాదు, తొట్టిలో ఉన్న చేపలన్నిటి మీదా వస్తవి. తరువాత కొద్ది రోజులలోనే చేపలు ఒకదాని వెంట ఒకటి చనిపోతవి.

మొదట చుక్కలు మాయం కావడానికి సాధారణంగా ఆ మందు కారణం కాదు. మందు కలపకపోయినా అవి మాయమయ్యేవే. ఆ చుక్క ఏమిటి? అది ఎక్కడికి పోయింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే చికిత్స ఎప్పుడు, ఎక్కడ, ఎంతకాలం చేయవలెనో తెలుస్తుంది. తెలియకపోతే ఎంత మంచి మందు అయినా వృథా అవుతుంది.

చుక్కలోని జీవి

ప్రతి తెల్లచుక్కలోను ఒక ఏకకణజీవి ఉంటుంది. దాని శాస్త్రీయ నామం క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. జపానులో సికామా అనే శాస్త్రజ్ఞుడు 1937లో ఈ వ్యాధిని వర్ణించాడు. ఇ. ఎం. బ్రౌన్ 1951లో ఈ జీవికి ఇప్పుడున్న పేరు పెట్టారు. దీని శరీరమంతటా సన్నని వెంట్రుకల వంటి శైలికలు ఉంటవి. వాటి కదలిక వల్ల ఇది ఈదుతుంది, గిరగిర తిరుగుతుంది. బాగా పెరిగినప్పుడు దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది కనుక కంటికి చుక్కగా కనబడుతుంది.

ఈ జీవి జీవితచక్రంలో నాలుగు దశలు ఉన్నవి.

మొదటిది మేత దశ. పరాన్నజీవి చేప చర్మపు పైపొర కింద దూరి, అక్కడి కణాలను తింటూ 3 నుండి 7 రోజులు పెరుగుతుంది. చేపచర్మమే దానికి కప్పు. అందువల్ల నీటిలో కలిపిన మందు దానిని తాకదు.

రెండవది విడిచిపోయే దశ. కడుపు నిండిన పరాన్నజీవి చేపను వదలి, తొట్టి అడుగున కొన్ని గంటలు పాకుతుంది. ఇది ఎక్కువగా చీకటివేళ జరుగుతుంది. చుక్కలు మాయమైనవని పెంచేవారు సంతోషించేది ఈ సమయంలోనే.

మూడవది కోశ దశ. పాకిన జీవి ఇసుకకో, రాతికో, అద్దానికో అతుక్కొని తన చుట్టూ గట్టి కోశం కట్టుకుంటుంది. లోపల అది విభజన చెందుతూ పోయి, 200 వరకు పిల్లజీవులు కావచ్చు. ఇందుకు సాధారణంగా 3 నుండి 28 రోజులు పడుతుంది. 72 రోజుల వరకు నిలిచిన కోశాలు కూడా పరిశోధకుల దృష్టికి వచ్చినవి. ఈ కోశాన్ని కూడా మందులు సులభంగా భేదించలేవు.

నాలుగవది ఈత దశ. కోశం నుండి వెలువడిన పిల్లజీవి ఒకటి రెండు రోజులలోగా చేపను చేరుకోవలె, లేకపోతే చచ్చిపోతుంది. మొదటి 6 నుండి 8 గంటలు గడిస్తే చేపకు అంటుకొనే శక్తి బాగా తగ్గిపోతుంది. మందుకు దొరికేది ఈ ఒక్క దశలోనే.

తొట్టి ఎందుకు ప్రమాదకరం?

ఒక చేప మీద 20 చుక్కలు ఉన్నవనుకొందాము. ఒక్కొక్కటి 200 పిల్లలను ఇస్తే రెండవ విడతకు 4,000 అవుతవి. సముద్రంలో అయితే వీటిలో అత్యధిక భాగం చేప దొరకక నశిస్తవి. అందువల్ల సముద్రంలోని చేపలలో ఈ వ్యాధి తీవ్రరూపం దాల్చడం అరుదు. కాని 200 లీటర్ల తొట్టిలో చేపకు పారిపోయే చోటు లేదు, పరాన్నజీవికి వెతికే శ్రమ లేదు. ఇదే కారణం చేత సముద్రంలో వలపంజరాలలో కిక్కిరిసి పెరిగే చేపలకు కూడా ఈ వ్యాధి పెద్ద నష్టం కలిగిస్తుంది.

చేప ఎందుకు చనిపోతుంది? సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటవి. ఎముకలు గల చేపల రక్తంలో ఉప్పు అందులో మూడవ వంతు మాత్రమే. ద్రవాభిసరణం వల్ల చేప ఒంటిలోని నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. అందుకే సముద్రపు చేప ఎప్పుడూ నీరు తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. వేల పరాన్నజీవులు చర్మాన్ని చిల్లులు చేస్తే ఈ నీటి నష్టం ఎక్కువవుతుంది. మొప్పలు చెడితే ఊపిరీ ఆడదు, ఉప్పూ బయటికి పోదు. నీటిలో ఉంటూనే చేప ఎండిపోతుందన్నమాట. ఒంటి మీద ఒక్క చుక్క లేకున్నా మొప్పలలో పరాన్నజీవులు ఉండవచ్చు. అందుచేత చుక్కల సంఖ్యను బట్టి మాత్రమే వ్యాధి తీవ్రతను అంచనా వేయరాదు.

పోలిన వ్యాధులు

చేప రొప్పుతూ ఉంటే మొదట చేయవలసినది నీటి పరీక్ష. తొట్టిలో అమ్మోనియా పెరిగినప్పుడు కూడా చేపలు ఇలాగే రొప్పుతవి. అప్పుడు కావలసినది మంచి నీరు, మందు కాదు.

నీరు బాగున్నదని తేలితే మూడు పరాన్నజీవులను గుర్తుంచుకోవలె. చుక్కలు విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా ఉంటే అది క్రిప్టోకేరియాన్ కావచ్చు. పసుపుపచ్చని సన్నని పొడి చల్లినట్లు, పక్కనుండి వెలుతురు పడినప్పుడు మాత్రమే కనబడితే అది అమైలూడినియం ఒసిల్లేటం కావచ్చు. ఇది మొదట మొప్పలనే పట్టుకొంటుంది. తీవ్రమైనప్పుడు ఒకటి రెండు రోజులలోనే చేపలను చంపుతుంది. చుక్కలు లేకుండా చేప ఒంటినుండి జిగురు పొరలు పొరలుగా ఊడుతూ ఉంటే అది బ్రూక్లినెల్లా హోస్టిలిస్ కావచ్చు. ఈ మూడవదానిని లోమ్, నైగ్రెల్లీ అనే శాస్త్రజ్ఞులు 1970లో వర్ణించారు. ఇది విదూషక చేపలలో ఎక్కువగా కనబడుతుంది.

కంటితో చేసే ఈ గుర్తింపు అనుమానం వరకే పనికివస్తుంది. నిశ్చయానికి సూక్ష్మదర్శిని కావలె. తడిచేతితో చేపను పట్టుకొని, గాజుపలక అంచుతో ఒంటిమీది జిగురును మెల్లగా తీసి, ఒక బొట్టు సముద్రపు నీటిలో ఉంచి చూడవలె. పాఠశాలలో ఉండే సామాన్యమైన సూక్ష్మదర్శిని ఇందుకు చాలును. శైలికలతో మెల్లగా గిరగిర తిరిగే గుండ్రని ముదురు జీవి క్రిప్టోకేరియాన్. కదలక ఒకచోట అతుక్కొని ఉన్న బేరిపండు ఆకారపు జీవి అమైలూడినియం. చిక్కుడుగింజ ఆకారంలో చదునుగా ఉండి చురుకుగా పాకేది బ్రూక్లినెల్లా.

ఈ భేదం తెలియడం ఎందుకు ముఖ్యమంటే మూడింటికీ చికిత్స ఒకటి కాదు. రాగి మొదటి రెండింటికి పనిచేస్తుంది, మూడవదానికి పనిచేయదు. దానికి ఫార్మలిన్ స్నానం చేయిస్తారు. ఫార్మలిన్ మనుషులకు కూడా హానికరం కనుక అది అనుభవజ్ఞులే చేయవలె. ఉప్పు తగ్గించడం మొదటిదానిని చంపుతుంది. రెండవది ఉప్పు బాగా తగ్గినా బ్రతికే ఉంటుంది.

ఇవి గాక, రెక్కల అంచున కోసుకూర పువ్వు వంటి తెల్లని గడ్డ కనబడవచ్చు. అది లింఫోసిస్టిస్ అనే వైరస్ వ్యాధి. దానికి మందు లేదు. మంచి నీరు, మంచి మేత ఉంటే చాలావరకు కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది. దానిని తెల్లచుక్కలని పొరబడి రాగి కలిపితే చేపకు కీడే జరుగుతుంది.

చికిత్సా మార్గాలు

చికిత్సకు చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చవలె. చుక్కలు లేని చేపలను కూడా మార్చవలె. అసలు తొట్టిలో రాగి కలిపితే పగడాలు, రొయ్యలు, నత్తలు చనిపోతవి. పగడపు ఇసుక, సున్నపురాయి రాగిని పీల్చుకొని మందు బలాన్ని తగ్గిస్తవి.

మొదటి మార్గం రాగి. నీటిలో స్వేచ్ఛా రాగి లీటరుకు 0.15 నుండి 0.25 మిల్లీగ్రాముల మధ్య 3 నుండి 6 వారాలు ఉండవలె. అంతకు తగ్గితే పరాన్నజీవి చావదు, మించితే చేపకు విషం. మైలుతుత్తంలో రాగి దాదాపు నాలుగవ వంతు ఉంటుంది. 100 లీటర్ల నీటికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 20 మిల్లీగ్రాముల రాగి కావలె, అనగా సుమారు 80 మిల్లీగ్రాముల మైలుతుత్తం. ఇది చిటికెడు కన్న ఎంతో తక్కువ. కనుక ఉజ్జాయింపు పనికిరాదు. రెండు మూడు రోజులలో కొద్దికొద్దిగా కలిపి, ప్రతిదినం రాగిని పరీక్షించవలె. చుక్కలు పోయినవని మధ్యలో ఆపితే, కోశాలలో ఉన్నవి ఆ తరువాత వెలువడి వ్యాధి మొదటికి వస్తుంది.

రెండవ మార్గం ఉప్పు తగ్గించడం. నీటిలోని లవణాలను మెల్లగా లీటరుకు 15 గ్రాములకు దించి, కనీసం మూడు వారాలు అలాగే ఉంచుతారు. అప్పుడు నీటి ఉప్పదనం చేప రక్తపు ఉప్పదనానికి దగ్గరవుతుంది. చేపకు శ్రమ తగ్గుతుంది, కోశాలు మాత్రం పగిలి నశిస్తవి. అయితే తక్కువ ఉప్పులోను బ్రతకగల క్రిప్టోకేరియాన్ రకాలు కొన్ని ప్రాంతాలలో కనబడినవి. సొరచేపలు, టేకి చేపలు ఉన్నచోట ఈ పద్ధతి గాని రాగి గాని వాడరాదు.

మూడవ మార్గానికి మందు అక్కరలేదు. ఇజ్రాయెల్‌లోని ఐలాట్‌లో ఈ జీవిని పరిశోధించిన ఏంజెలో కొలోర్ని దీనిని 1980ల దశకంలో వివరించాడు. మూడు రోజులకు ఒకసారి చొప్పున నాలుగుసార్లు చేపలను శుభ్రమైన పొడి తొట్టిలో కొత్త నీరు పోసి అందులోకి మార్చవలె. పరాన్నజీవులు చేపను వదలి కోశాలు కట్టుకుంటవి. అవి పగలడానికి కనీసం మూడు రోజులు కావలె కదా! అవి పగిలేలోగా చేపలు వేరే తొట్టికి చేరుకుంటవి. పాత తొట్టిని కడిగి ఎండబెడితే కోశాలు చస్తవి. చేప మీద ఏ పరాన్నజీవీ ఏడు రోజులకు మించి ఉండదు కనుక నాలుగు మార్పులు పూర్తి అయ్యేసరికి చేప శుభ్రమవుతుంది. ఇక్కడ శత్రువును జయించినది ఔషధం కాదు, దాని దినచర్యను గురించిన జ్ఞానం.

ఖాళీ తొట్టి

చేపలు కుదిరినంత మాత్రాన పని పూర్తి కాలేదు. అసలు తొట్టిలోని ఇసుకలో కోశాలు ఇంకా ఉన్నవి. ఆ తొట్టిలో ఒక్క చేప కూడా లేకుండా ఉంచితే, వెలువడిన పిల్లజీవులు ఆహారం లేక నశిస్తవి. పగడాలు, రొయ్యలు అందులోనే ఉండవచ్చు, వాటికి ఈ వ్యాధి రాదు. కోశం 72 రోజుల వరకు నిలిచిన సందర్భం ఉన్నది కనుక, జాగ్రత్తపరులు పదకొండు వారాలు ఆగుతారు. వల, గొట్టం, బకెట్టు కూడా రెండు తొట్లకు వేరువేరుగా ఉండవలె. తడి వలతో కోశాలు ఒకచోటు నుండి మరొక చోటుకు పోతవి.

వ్యాధి నుండి బ్రతికి బయటపడిన చేపకు కొన్ని నెలలపాటు కొంత నిరోధకశక్తి ఉంటుంది. అలాటి చేప ఆరోగ్యంగా కనబడుతూనే కొద్దిపాటి పరాన్నజీవులను మోయవచ్చు. అంగడిలో నవనవలాడుతున్న చేపను నేరుగా తొట్టిలో వదలరాదనడానికి ఇదే కారణం. కొత్త చేపను కనీసం నాలుగు వారాలు వేరుగా ఉంచి గమనించవలె. నాలుగు వారాలు ఓపిక పట్టనివారు పదకొండు వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవలసి వస్తుంది.