రోడ్డు వెడల్పయితే రద్దీ తగ్గుతుందా?

రోడ్డు ఇరుకు కాబట్టే రద్దీ అనుకుంటాం కదూ? మన సత్తుపల్లి బొగ్గు సంగతే చూడండి. వేరే దారి లేక లారీలమీదే కొత్తగూడెం వెళ్ళేది. 2022లో 54 కిలోమీటర్ల రైలుమార్గం వచ్చాక రైలెక్కింది. రెండో దారి ఉంటేనే రోడ్డుకి తెరిపి!

అమెరికాలో మనవాళ్ళెందరో ఉన్న హ్యూస్టన్‌లో అలా చెయ్యలేదు. 2008 నాటికి ఒక పెద్దరోడ్డుని, పక్కదారులతో కలిపి, కొన్నిచోట్ల 26 వరసలు చేశారు. కొన్నేళ్ళకే మళ్ళీ కార్లు కిక్కిరిశాయి. ఎందుచేత? ఇళ్ళు ఒకచోట, కొట్లూ స్కూళ్ళూ ఇంకోచోట, బస్సులు చాలవు. పాలకైనా కారు తియ్యాల్సిందే. రోడ్డు పెరిగినకొద్దీ ఇళ్ళు ఇంకా దూరం జరిగాయి.

రేపు ఊరి బయట స్థలం చౌకని మీవారు ఉబలాటపడితే, “కూరల కొట్టు ఎంత దూరం? బస్సు ఆగుతుందా? పిల్లలు బడికి నడిచి వెళ్ళగలరా?” అని అడగండి. లేకపోతే స్థలంలో మిగిలింది పెట్రోలుకే సరి!