వేల తెరల మీద ఒకే బటన్

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందంటే చాలు, మర్నాటి పేపర్లో ఒక వార్త ఖాయం: విశాఖ ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మన రేవుల్లో ఈ హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు వరకూ ఉన్నాయి. సంప్రదాయం ప్రకారం పగలైతే స్తంభానికి శంకువులు, స్థూపాలు కడతారు, రాత్రయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు వెలిగిస్తారు. ఒకటో నంబరంటే ప్రమాదం ఇంకా దూరాన సముద్రంలోనే ఉందని. పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఏ రేవు అధికారీ తన సొంత గుర్తు కనిపెట్టడు. కాకినాడలో మూడు అంటే ఏమిటో పారాదీప్‌లోనూ అదే. ఎవరో ఒకసారి కూర్చుని ఆలోచించి పెట్టారు, మిగతావాళ్ళంతా వాడుకుంటున్నారు. పడవల వాళ్ళు ఒక్కసారి నేర్చుకుంటే ఏ రేవుకు వెళ్ళినా పనికొస్తుంది.

ఫోన్లలో యాప్‌లు తయారుచేసేవాళ్ళు చేసేదీ ఇదే. రుషికొండ ఐటీ కొండల మీదో మధురవాడలోనో కూర్చుని యాప్ రాసే కుర్రాడు బటన్‌ను మొదటి నుంచి గీయడు. బటన్, జాబితా, టిక్కు పెట్టె, తేదీ ఎంచుకునే క్యాలెండరు, పేరు రాసే గడి, అన్నీ ముందే ఎవరో చేసి పెట్టిన సరుకు. తెచ్చుకుని, మాటలు మార్చి, రంగు మార్చి తన తెర మీద పెట్టుకుంటాడు. వీటినే కాంపొనెంట్లు అంటారు. గూగుల్ వారి ఫ్లట్టర్ అనే సాధనం వాడేవాళ్ళకు ఇవే విడ్జెట్లు.

బటన్ అంటే రంగు పూసిన దీర్ఘచతురస్రమే కదా, దానికింత కథ ఏమిటి అనిపించవచ్చు. మీ ఫోన్లో ఏదైనా బటన్ మీద వేలు పెట్టి, ఎత్తకుండా అలాగే దూరంగా జరిపి, అప్పుడు ఎత్తి చూడండి. (డబ్బు పంపే బటన్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.) సాధారణంగా ఏమీ జరగదు. బటన్ పనిచేసేది వేలు ఆనించినప్పుడు కాదు, దాని మీదే వేలు ఎత్తినప్పుడు. పొరపాటున నొక్కినవాడు మనసు మార్చుకోవడానికి ఆ రెప్పపాటు వ్యవధి ఉంచారు. 1984లో వచ్చిన యాపిల్ వారి తొలి మెకింటోష్ కంప్యూటర్‌లో మౌస్‌తో నొక్కే బటన్ కూడా ఇలాగే ఉండేది. నొక్కి పట్టుకుని పక్కకు జరిపి వదిలేస్తే ఏమీ అయ్యేది కాదు. నలభై ఏళ్ళు దాటినా, మౌస్ పోయి వేలు వచ్చినా ఆ పద్ధతి మారలేదు.

బటన్ లోపల ఇంకా చాలా ఉంటుంది. మామూలప్పటి రూపం ఒకటి, నొక్కినప్పటి రూపం ఒకటి, నొక్కడానికి వీల్లేనప్పటి బూడిదరంగు రూపం ఒకటి. వేలు మోపే జాగా కనీసం 48 డీపీ ఉండాలని గూగుల్ చెబుతుంది, అంటే రమారమి 9 మిల్లీమీటర్లు. యాపిల్ లెక్క 44 పాయింట్లు. చూపు లేనివాళ్ళు తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని తెరను తడిమితే ‘బటన్’ అని పలకడానికి కావలసిన సమాచారం కూడా అందులోనే దాగి ఉంటుంది. ఇదంతా ఎవరికివారు కొత్తగా రాయబోతే ఏదో ఒకటి మర్చిపోతారు. ముచ్చటగా ఉంటుందని బటన్ బదులు ఉత్త బొమ్మ అతికించి వదిలేసిన యాప్‌లు కోకొల్లలు. చూసేవాళ్ళకు అవి బాగానే ఉంటాయి, చూపు లేనివాళ్ళకు అక్కడ నొక్కేదొకటి ఉందనే తెలియదు.

ఈ ఆలోచన పుట్టుక ఫోన్లకు చాలా ముందు. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. టీఎక్స్-2 అనే కంప్యూటర్ తెర మీద లైట్ పెన్నుతో బొమ్మలు గీయడం దాని పని. మూల చిత్రం ఒకటి గీసి, దానికి ప్రతులు ఎన్ని కావాలంటే అన్ని పరుచుకోవచ్చు. మూలంలో ఒక గీత మారిస్తే ప్రతులన్నిటిలోనూ మారిపోతుంది. ఇవాళ్టి కాంపొనెంట్ల మంచీ చెడూ రెండూ ఈ ఒక్క గుణం నుంచే వచ్చాయి.

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఒక సదస్సు పెట్టింది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్ మెకిల్‌రాయ్ అక్కడ లేచి ఒక మొర పెట్టుకున్నాడు: ఇతర పరిశ్రమలు విడిభాగాలను కేటలాగు చూసి తెప్పించుకుంటుంటే సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా చేతిపని దశలోనే ఉంది, మనకూ విడిభాగాల పరిశ్రమ కావాలి. అప్పటికి విశాఖ ఉక్కు కోసం ఆంధ్ర రోడ్డెక్కి రెండేళ్ళయింది, ఫ్యాక్టరీ శంకుస్థాపనకు ఇంకా రెండేళ్ళ పైచిలుకు ఉంది. మెకిల్‌రాయ్ కోరిన ఫ్యాక్టరీకి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది.

అది తొలిసారి మామూలు జనం చేతికి వచ్చింది మెకింటోష్‌తోనే. దాని బటన్లు, మెనూలు, కిటికీలు గీసే టూల్‌బాక్స్‌ను యాపిల్ ఇంజినీర్లు 128 కేబీ రామ్‌లో కాదు, చెరపడానికి వీల్లేని 64 కేబీ రోమ్‌లో, మిగతా సిస్టమ్‌తో కలిపి ఇరికించారు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో సాధారణంగా అంతకంటే పెద్దదే. ఆ తర్వాత 1988లో నెక్స్ట్ కంప్యూటర్ మీద ఫ్రెంచి ఇంజినీరు జాన్-మారీ యులో చేసిన ఇంటర్‌ఫేస్ బిల్డర్, 1991లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ వచ్చాయి. విజువల్ బేసిక్‌లో బటన్‌ను మౌస్‌తో లాగి తెర మీద పడేస్తే చాలు. అమీర్‌పేటలోనూ విశాఖ ద్వారకానగర్‌లోనూ కంప్యూటర్ కోర్సులు చేసిన ఒక తరం తెలుగు పిల్లలకు కాంపొనెంట్‌తో తొలి పరిచయం ఇక్కడే.

ఫోన్ వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. 2007 నాటి తొలి ఐఫోన్‌కు మెమరీ 128 ఎంబీ. తెర 320 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు. అందులో మీ పరిచయస్తుల పేర్లు వెయ్యి ఉన్నాయనుకోండి. తెర మీద ఒకేసారి పట్టేవి పదో పన్నెండో. మిగతా తొమ్మిది వందల చిల్లర వరసలను ముందే తయారుచేసి పెట్టుకోవడం మెమరీ దండగ. అందుకని తెరకు సరిపడా వరసలు, అదనంగా ఒకటి రెండు, అంతే తయారవుతాయి. మీరు వేలితో జాబితాను పైకి తోసినప్పుడు పై అంచు దాటి మాయమైన వరస పారేసిందేమీ కాదు. అదే కొత్త పేరు తగిలించుకుని కింది అంచు నుంచి మళ్ళీ ఎక్కుతుంది. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో మార్పుకు దొరికే వ్యవధి 16 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆ కాస్త సమయంలో కొత్త వరస పుట్టించడం కంటే ఉన్నదానికి పేరు మార్చడం సులువు. 2014లో ఆండ్రాయిడ్ ఈ పనికి కొత్త కాంపొనెంట్ తెచ్చి రీసైక్లర్‌వ్యూ అని దాపరికం లేకుండా పేరు పెట్టింది.

ఇందులో ఒక తమాషా తప్పు దొర్లుతుంటుంది. సరుకుల యాప్‌లో కందిపప్పు పక్కన టిక్కు పెడతారు. కిందికి వెళ్తే బెల్లం పక్కన కూడా టిక్కు కనిపిస్తుంది, మీరు పెట్టలేదు. జరిగిందేమిటంటే, పైనుంచి వెళ్ళిపోయిన వరసకు పేరైతే మార్చారు గానీ పాత టిక్కు తుడవలేదు. తిరిగి వాడే వస్తువును తుడిచి వాడాలన్న సంగతి కొత్తగా చేరిన ప్రతి ప్రోగ్రామరూ ఇలా ఒకసారి నేర్చుకుంటాడు.

తరువాతి కథ వేగంగా నడిచింది. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్ అనే సాధనాన్ని బయటపెట్టింది, జోర్డన్ వాక్ అనే ఇంజినీరు మొదలుపెట్టిన పని అది. సమాచారం ఇలా ఉంటే తెర ఇలా ఉండాలని రాస్తే చాలు, ఎక్కడేది మారిందో అదే చూసుకుంటుంది. 2015లో వచ్చిన రియాక్ట్ నేటివ్ ఆ పద్ధతిని ఫోన్లకు తెచ్చింది. ఇది ఫోన్ సొంత బటన్లనే పిలిచి వాడుతుంది. 2018 డిసెంబరులో గూగుల్ ఫ్లట్టర్ 1.0 వచ్చింది. దాని దారి వేరు. ఫోన్ బటన్లను ముట్టుకోదు, అన్నీ తానే గీసుకుంటుంది. వాడేవాళ్ళకు తేడా కనబడదు గానీ తేడా పెద్దదే. మొదటి పద్ధతిలో ఫోన్‌కు అప్‌డేట్ రాగానే లోపం పోతుంది. రెండో పద్ధతిలో కాంపొనెంటు యాప్ లోపలే ప్రయాణిస్తుంది కాబట్టి, యాప్ చేసినవాళ్ళు మళ్ళీ తయారుచేసి పంపేదాకా లోపం అలాగే ఉంటుంది.

ఇక మన సంగతి. ఇంగ్లీషు అక్షరాలు గీత మీద నిలబడతాయి, కొన్నిటి తోక మాత్రం కాస్త కిందికి దిగుతుంది. ‘రాష్ట్రీయ’ అని రాసి చూడండి. పైన గుడి దీర్ఘం, కింద టవత్తు, దానికి రవత్తు. ఇంత ఎత్తు కావాలి. కానీ ఆండ్రాయిడ్ కాంపొనెంట్ల ఎత్తు ఇంగ్లీషుకు లెక్కవేసి పెట్టారు. అందులో ఇమడని తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వంటి లిపులకు చూపిన ఉపాయం ఎత్తు పెంచడం కాదు, అక్షరాలనే నిలువునా కుదించిన ప్రత్యేక ఫాంట్లు పెట్టడం. తెలుగు పొడవైన లిపి అనీ, వరసకు ఎక్కువ ఎత్తు ఇవ్వాలనీ గూగుల్ సొంత మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలే చెబుతాయి. తెలియక జరిగింది కాదన్నమాట. 2014లో ఆండ్రాయిడ్ 5తో ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ అనే మీట ఒకటి ఇచ్చారు. ఆన్ చేస్తే కుదించని అక్షరాలు వస్తాయి. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉండేది, దాని జోలికి వెళ్ళే ప్రోగ్రామర్లు తక్కువ. 2018లో ఆండ్రాయిడ్ 9 వరసల మధ్య దూరాన్ని అక్షరాల నిజమైన ఎత్తును బట్టి సర్దుకోవడం నేర్చుకుంది. 2024లో, ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా చేసే యాప్‌లన్నిటిలో ఆ మీట దానంతటదే ఆన్ అయ్యేట్టు చేశారు. ఆండ్రాయిడ్ 16తో కుదించిన ఫాంట్లను వదిలించుకునే పని మొదలైంది. మన ఒత్తులు ఒళ్ళు విరుచుకోవడానికి పదేళ్ళు పట్టింది.

ఐఫోన్ కథ ఇంకా విచిత్రం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను కూలదోసింది. ‘జ్ఞా’. మామూలుగా మనం టైపు చేసే ‘జ్ఞానం’తో ఏ బాధా లేదు. జ, పొల్లు, ఞ, ఆ పైన కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆఖరున దీర్ఘం, ఈ వరసలో వస్తే ఐఓఎస్ 11లోని అక్షరాలు గీసే భాగం తడబడి పడిపోయేది. ఎవరైనా ఈ అక్షరాన్ని మెసేజీగా పంపితే చాలు, తెరిచిన యాప్ మూతపడేది. అది నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే పడి లేచి పడేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్, అన్నీ ఎవరికివారు రాసుకున్న యాప్‌లే. అయినా అన్నీ ఒకేలా పడిపోయాయి, ఎందుకంటే అక్షరాలు గీసే పని అన్నిటికీ చేసిపెట్టేది ఒకటే. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. ఏ యాప్ కంపెనీ ఒక్క లైను మార్చకుండానే అన్ని యాప్‌లూ బాగుపడ్డాయి. సదర్లాండ్ మూల చిత్రానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

అక్షరం ఒకటే కాదు, చోటు కూడా పరీక్ష పెడుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడిమి, నీటిలోని పచ్చదనం ఆధారంగా చేపలు గుమిగూడే చోట్లను అంచనా వేసి, దిక్కు, దూరం, లోతు చెబుతుంది. అలల ఎత్తూ చెబుతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ క్వాల్‌కామ్ తోడ్పాటుతో తెచ్చిన ఫిషర్ ఫ్రెండ్ యాప్ ఇలాంటి సమాచారాన్ని తెలుగులోనూ అందిస్తుంది. ఇలాంటి యాప్‌ను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద నిలబడి వాడాల్సిన మనిషిని ఊహించుకోండి. చేతులు తడి, ఆ తడిలో ఉప్పు. టచ్ స్క్రీన్ వేలిని పసిగట్టేది అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి. ఉప్పునీరూ ఆ పని చేస్తుంది. తెర మీద పరుచుకున్న నీటిని వేలనుకుని ఫోన్ తికమకపడుతుంది. పక్కపక్కనే ఇరుకుగా పెట్టిన బటన్లలో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కుకుంటుంది. ఇక ఎండలో తెల్లని నేల మీద లేత బూడిద అక్షరాలు కనిపించనే కనిపించవు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుతురు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు ఊరికే పెట్టలేదు. ఏసీ గదిలో, పెద్ద తెర మీద రంగులు ఎంచుకునేవాళ్ళకు ఇది తట్టదు. ఈ మధ్య డిజైన్ సిస్టమ్ అని పెద్ద పేరు పెట్టి కంపెనీలు తమ కాంపొనెంట్లకు రంగులు, కొలతలు ఖరారు చేసుకుంటున్నాయి. ఆ ఖరారు చేసే సమావేశంలో బోటు మీది మనిషి గురించి ఎవరైనా ఒక్క మాట మాట్లాడితే వందల తెరలు బాగుపడతాయి. మాట్లాడకపోతే వందల తెరలూ ఒకేలా పాడవుతాయి.

రుషికొండ ఆఫీసుల్లో, గాజువాక ఇళ్ళలో, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో కూర్చుని యాప్‌లు రాస్తున్న మిత్రులకు ఒక విన్నపం. మీ బటన్‌ను ‘సబ్మిట్’ అనే మాటతో కాదు, ‘దరఖాస్తు సమర్పించండి’తో పరీక్షించండి. ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రీయ’ పెట్టి చూడండి. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు ఆఖరి మెట్టుకు పెంచి చూడండి. ఒక మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని బీచ్ రోడ్డులో నిలబడి, వేలు తడిపి చూడండి. వాడేవాళ్ళకు కూడా ఒక మాట: ఎక్కడైనా ఒత్తు తెగిపోయి కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఆ యాప్ వాళ్ళకు పంపండి. వాళ్ళు తెరలన్నీ తిరగరాయనక్కర్లేదు, ఒక్క కాంపొనెంటులో ఎత్తు సరిచేస్తే చాలు.