మీటరు చెప్పని వయస్సు

2023 మే నెలలో ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి విజయవాడకు కారులో వెళుతున్నాము. వెనుక సీటులో మా అమ్మ, ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. సూర్యాపేట దాటిన కొద్దిసేపటికి వెనుక చక్రం వద్ద పెద్ద చప్పుడయింది. బండి ఒక ప్రక్కకు ఒరిగి ఊగిపోసాగింది. వేగం తక్కువగా ఉండడం వలన ఎలాగో రోడ్డు అంచున ఆపగలిగాను. దిగి చూస్తే టైరు పైపొర అరటితొక్క వలె ఊడి వేలాడుతున్నది.

ఆ కారు కొని అప్పటికి నాలుగు నెలలే అయింది. మా కాలనీలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన వద్ద కొన్నాము. కారుకు పదకొండో ఏడు నడుస్తున్నది. మీటరు మీద మాత్రం 18,400 కిలోమీటర్లే ఉన్నాయి. "బ్యాంకుకూ గుడికీ తప్ప ఎక్కడికీ తీయలేదు నాయనా" అన్నారాయన. మాకు నిధి దొరికినట్లే అనిపించింది.

పంక్చరు షాపు కుర్రవాడు ఆ టైరు ప్రక్కభాగం మీద ఉన్న నాలుగంకెలను వేలితో తుడిచి చూపించాడు: 1912. "పందొమ్మిదో వారం, 2012ల తయారైంది సార్. గ్రిప్పు మంచిగనే ఉంది. రబ్బరే సచ్చిపోయింది."

ప్రతి కారుకూ రెండు వయస్సులు ఉంటాయి. ఒకటి కిలోమీటర్లలో, మరొకటి సంవత్సరాలలో. మొదటిది మీటరులో కనబడుతుంది. రెండవదానిని కొనేవారే వెదకి తెలుసుకోవాలి. తక్కువ తిరిగిన పాత బండి కొనదలచినవారు చూడవలసిన అంశాలివి.

మీటరు నిజమేనా?

మీటరును వెనుకకు త్రిప్పడం కొత్త విద్య కాదు. అంకెలు తెర మీద వెలిగే మీటర్లకూ ఆ బెడద తప్పలేదు. కావున ఇతర సాక్ష్యాలు చూడండి. ఇరవై వేల కిలోమీటర్లయినా తిరగని బండిలో క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోదు. స్టీరింగు చక్రం జిడ్డుతేలి మెరవదు. సర్వీసింగు బిల్లుల మీద తేదీతోపాటు ఆనాటి కిలోమీటర్లు కూడ ఉంటాయి. వాటిని వరుసగా పేర్చి చూస్తే కథ అతుకుతున్నదో లేదో తెలిసిపోతుంది.

మీటరు నిజమే అయినా మరొక ప్రశ్న వేయాలి: బండిని ఎలా నడిపారు? రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆగే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరి కాక ఆయిలులో కలుస్తుంది. సైలెన్సరు లోపలి నుంచి తుప్పు పడుతుంది. బ్యాటరీ సరిగా చార్జి కాదు.

రబ్బరు, ద్రవాలు

స్టెప్నీతో సహా ఐదు టైర్ల మీది నాలుగంకెలూ చదవండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. పదేళ్లు దాటిన టైరును గ్రిప్పు ఎంత బాగున్నా మార్చవలసిందే. ఆరేడేళ్లు దాటినదానిని పగుళ్ల కోసం తెలిసినవారిచేత పరీక్ష చేయించాలి.

ఇంజనులో టైమింగ్ బెల్టు ఉన్నదా, చెయిను ఉన్నదా అని అడగండి. బెల్టుకు తయారీదారులు కిలోమీటర్లతోపాటు సంవత్సరాల గడువు కూడ పెడతారు. అది నడుమ తెగితే అనేక ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి పాడవుతాయి. ఆ మరమ్మతు ఖర్చు గుండె గుభేలుమనిపిస్తుంది.

బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడలు లోపలికి దిగిపోయే ప్రమాదం ఉన్నది. అందుకే సాధారణంగా రెండేళ్లకొకసారి దానిని మార్చమంటారు. ఇంజను ఆయిలు బండి కదలకపోయినా ఏటేటా మార్చవలసినదే. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. పాత కార్లలో చాలా వాటిని అంత పాలుకు రూపొందించలేదు. కావున ఇంధనపు గొట్టాలు, సీళ్లు మెత్తబడ్డాయేమో, కారుతున్నాయేమో చూపించాలి.

తుప్పు, వరద, ఎలుకలు

విశాఖపట్నం, చెన్నై వంటి సముద్రతీర నగరాలలో నిలిచి ఉన్న కారయితే క్రిందికి వంగి అడుగుభాగం చూడవలసిందే. పైన పటారం, లోన లొటారంగా ఉండవచ్చు. మ్యాట్లు ఎత్తి చూడండి. సీటుబెల్టును చివరివరకు లాగండి. దాని కొసన మట్టి మరక ఉంటే ఆ కారు ఎప్పుడో వరదలో మునిగి ఉండవచ్చు. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాదులో ఎన్నో కార్లు నీట మునిగాయి. బానెట్ క్రింద వైర్లను ఎలుకలు కొరికినవేమో గమనించండి.

చల్లని ఇంజను

మీరు వెళ్లేవరకు బండిని స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లని ఇంజను లేచేటప్పుడే దాని లోపాలు బయటపడతాయి. నీలిపొగ వస్తే ఆయిలు మండుతున్నదని గుర్తు. అరగంట నడిపి, బ్రేకు వేసినప్పుడు బండి ప్రక్కకు లాగుతున్నదా అని గమనించండి. ఆపిన తరువాత క్రింద చుక్కలు పడుతున్నవేమో చూడండి.

కాగితాలు

ఆర్.సి.లోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండి మీది నంబర్లతో పోల్చండి. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష జరిపి ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. ఢిల్లీ ప్రాంతంలో పాత బండ్ల నియమాలు మారుతూ వచ్చాయి. కావున కొనే రోజున ఉన్న నియమాన్ని విచారించాలి. అప్పు మీద కొన్న కారయితే అప్పు తీరినట్లు ఫారం 35 కావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. వేరే రాష్ట్రానికి తీసుకుపోవాలంటే ఫారం 28 ఉండాలి. బీమానూ మీ పేరిట మార్పించుకోండి.

చివరగా, నమ్మకమైన మెకానిక్కుచేత వయస్సు తీరిన వస్తువుల పట్టికను, వాటి ధరలతో సహా వ్రాయించండి. ఆ మొత్తాన్ని అడిగిన ధరలో నుంచి తగ్గించి బేరమాడండి. మేము ఆ పని చేయలేదు. టైర్లు, బ్యాటరీ, బెల్టు, గొట్టాలు అన్నీ మార్చేసరికి "చౌకగా వచ్చిందన్న" తృప్తి కాస్తా కరిగిపోయింది.

ఆ కారు ఇంకా మా ఇంట్లోనే ఉన్నది, బాగానే నడుస్తున్నది. పెద్దాయన మీద మాకు కోపం లేదు. ఆయన ఒక్క అబద్ధమూ చెప్పలేదు. "ఎంత తిరిగింది?" అని అడిగాము, చెప్పారు. "ఎన్నాళ్లు కదలకుండా ఉన్నది?" అని అడగవలసింది మేము.