పరీక్షకు పట్నం పోతున్నరా? ఒక దినం ముందుగాల పోండ్రి

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, ఐతారం హైదరాబాద్‌ల పరీక్ష పడ్డది. పొద్దుగాల పోయి రాత్రికి మల్లొస్త" అన్నడు. డిగ్రీ అయిపోయి రెండేండ్లాయె, ఇది వానికి ఐదో పరీక్ష. అంటె అంతకుముందు నాలుగుసార్లు పట్నం పోయిండన్నట్టు. ఏం జూసినవ్‌రా అంటె సెంటర్ గేటు, బస్టాండు, ఒకపారి దోస్తులతోని మాల్. మాల్ల ఏం కొన్నరు అంటె, "ఎస్కలేటర్ ఎక్కి దిగినం మామా, పాప్‌కార్న్ రేటు జూసి భయమైంది" అన్నడు.

నాకు నవ్వు రాలె. 1998ల నాకు పద్దెనిమిదేండ్లున్నప్పుడు నేను గూడ ఒక పరీక్షకే మొదటిసారి పట్నం పోయిన. పని పగటాలకే అయిపోయింది. రాత్రి బస్సు దాక ఆరు గంటలు ఇమ్లీబన్ బస్టాండ్ల సిమెంటు బల్ల మీదనే కూసున్న. చార్మినార్ ఆడికి రెండు కిలోమీటర్లు. ఒక్కసారి ధైర్యం జేసి బయట ఒక హోటల్లకు పోయిన. సర్వర్ వచ్చి "క్యా హోనా?" అన్నడు. ఏం గావాలె అని అడుగుతున్నడని గబుక్కున సమజ్ కాలె. లేచి బయటికొచ్చిన. ఇంటికి పోయినంక మా అమ్మ "చార్మినార్ జూసినవా కొడుకా" అంటె, "చూసిన్నే, మస్తు పెద్దగున్నది" అని అబద్ధం చెప్పిన.

అందుకే మేనల్లునికి చెప్పిన: శనివారం పొద్దుగాలనే రా, చెప్పులు మంచియి ఏసుకో, జేబుల 500 పెట్టుకో. ఆనికి చెప్పిన తొవ్వనే మీకు గూడ చెప్తున్న.

నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం దిక్కు బస్సులు ఎంజీబీఎస్‌ల ఆపుతయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ దిక్కోళ్లు సికింద్రాబాద్ జేబీఎస్‌ల దిగుతరు. 2020 నుంచి జేబీఎస్ కాడ మెట్రో ఎక్కితె సీదా ఎంజీబీఎస్‌కు వస్తది, ఆటోవాలాతోని బేరాలు లేవు. ఆడబిడ్డలైతె తెలంగాణ అడ్రసున్న ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండ్రి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. మెట్రో రైలు మాత్రం ఫ్రీ గాదు, పేరు ఒక్కతీర్గ ఉంటది, ఆగం గాకుండ్రి.

ఇమ్లీబన్ అంటె చింతతోపు. మూసీ నడుమల ఉన్న జాగ అది. ఆడికెల్లి అఫ్జల్‌గంజ్ దిక్కు నడిస్తె ఉస్మానియా దవాఖాన వస్తది. మన ఊర్ల పెద్ద రోగమొచ్చినోళ్లందరికీ ఎరుకున్న జాగనే. దవాఖాన ఆవరణల ఒక పాత చింతచెట్టుంటది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చి పట్నం సగం కొట్టుకపోయింది, వేల మంది సచ్చిపోయిండ్రు. అప్పుడు ఆ చెట్టెక్కి, కొమ్మలు పట్టుకొని 150 మంది దాక బతికిండ్రు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ అదే వరదల తల్లిని, పెండ్లాన్ని, బిడ్డను పోగొట్టుకొని ఒక్కడే మిగిలిండు. ఇంకోపారి అట్ల గావద్దనే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. హైదరాబాద్ ఏండ్లకేండ్లు తాగిన నీళ్లు గా చెరువులయే. దవాఖాన పాత బిల్డింగును 2020ల మూసేసిండ్రు, బయటికెల్లే చూడాలె. చెట్టు ఇంక ఉన్నది. టికెట్ లేదు, గైడ్ లేడు. ఒక్క పది నిమిషాలు దాని కింద నిలబడుండ్రి.

పక్కనే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, పాత పేరు అసఫియా. 1891ల మొదలైంది. పోటీ పరీక్షలకు సదివే పోరగాండ్లతోని నిండుగుంటది. మీ ఊరోడు ఒకడన్న కనపడ్తడు.

ఇగ ఆకలైతది. నయాపూల్ దాటి మదీనా చౌరస్తా దిక్కు రాండ్రి. ఈ పాతబస్తీల పొద్దుగాల తినేది ఇడ్లీ గాదు, ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఖిచిడీ అంటె మైసూర్ పప్పు, పసుపు ఏసి వండిన బువ్వ. ఖీమా అంటె సన్నగ కొట్టిన కూర. ఖట్టా అంటె చింతపండు పులుసుల నువ్వులు, పల్లీలు నూరి కలిపింది. ఒక బుక్క తిని సూడుండ్రి. ఈ నువ్వులు ఎవల చేన్లయి, ఈ చింతపండు ఎవల చెట్టుది? బిర్యానీ పక్కన పెట్టే మిర్చీ కా సాలన్, బఘారా బైంగన్ గూడ గదే నువ్వులు, పల్లీలు, చింతపండు. మన పెండ్లిల్ల బగారన్నం పెట్టకుంటె సుట్టాలు అలుగుతరు గదా, ఆ 'బగార' ఈడిదే. బాదం, కేసర్ పేరు జెప్పి దీన్ని నవాబుల తిండి అంటరు గని, నేనైతె దీన్ని సగం మన చేను, సగం ఆళ్ల పొయ్యి అంట.

మాంసం ముట్టనోళ్లు చార్‌కమాన్ కాడ గోవింద్ బండికి పోండ్రి. వెన్న ఏసిన దోశ, ఇడ్లీ నిలబడి తినుడే. పొద్దుగాలనే పోవాలె, పగటికి దొరకది.

తిన్నంక సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం బంద్, మిగతా దినాలు తెరిసుంటది. అంతా చూడాలంటె రెండు దినాలు గావాలె, కాబట్టి రెండు చూస్తె సాలు. ఒకటి, ముసుగేసుకున్న రెబెక్కా బొమ్మ. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. రాతి ముసుగు లోపట ముఖం ఎట్ల కనపడ్తదో ఎంతసేపు సూసినా అర్థం గాదు. రెండోది గడియారం. గంటగంటకు ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడ్తది. పన్నెండు గొట్టంగ జనం జాస్తి ఉంటరు, పది నిమిషాలు ముందుగాలనే పోయి కూసోండ్రి.

పగటి బువ్వకు బిర్యానీ. ఇది జర సమజ్ చేసుకొని తినాలె. ఈడ అసలైంది కచ్చి బిర్యానీ. అంటె మాంసాన్ని వండి కలుపరు. పెరుగు, మసాలల నానవెట్టిన పచ్చి మాంసం అడుగున పరిచి, దాని మీద సగం ఉడికిన బియ్యం పోసి, మూతకు గోధుమపిండి అంటిచ్చి బంద్ చేస్తరు. ఆవిరి బయటికి పోదు, గా ఆవిరితోనే మాంసం, బియ్యం ఒక్కసారే ఉడుకుతయి. జర ఎక్కువైతె అన్నం మెత్తగైతది, తక్కువైతె ముక్క ఉడకది. అందుకే వండేటోని చెయ్యి ముఖ్యం, హోటల్ ఏసీ గాదు. పగటి పన్నెండు ఒంటిగంట నడుమ పోతె డేగ్ అప్పుడే తెరుస్తరు. మదీనా కాడ షాదాబ్‌కు పోండ్రి, గుంపు చూసి వాపస్ రాకుండ్రి, జల్దీ జాగ దొరుకుతది. ఇద్దరు పోతె ముందుగాల ఒక్కటే చెప్పి సూడుండ్రి. మన తిండి పెద్దదే గని ఆళ్ల ప్లేటు గూడ పెద్దదే. చేతుల పైసలు లేని దినం గూడ సిగ్గుపడకుండ్రి. జీహెచ్ఎంసీ వాళ్ల 5 రూపాయల బువ్వ 2014 నుంచి నడుస్తుంది. నేను మస్తుసార్లు తిన్న.

ఆడికెల్లి పత్తర్‌గట్టి మీదంగ చార్మినార్. పత్తర్‌గట్టి రాతి దుకాణాలు గూడ ఆ వరద తరువాత పట్నాన్ని మల్ల కట్టినప్పటియే. అత్తరు వాసన జూడనిస్తరు, కొనాలని లేదు. ముత్యాలు మాత్రం తెలిసినోళ్లు పక్కన లేకుంటె కొనకుండ్రి.

చార్మినార్‌ను 1591ల మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిండు. వాళ్ల నాయన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిల్చుకున్నరు. తురకల రాజ్యం, మనకేం సంబంధం అని వాట్సాప్ల పంపేటోళ్లకు ఈ ఒక్క పేరు చెప్పుండ్రి. ఎక్కెటప్పుడు మెట్లు ఇరుకు, జర పైలం. మొదటి అంతస్తు దాకనే ఎక్కనిస్తరు. పక్కనే మక్కా మసీదు, కుతుబ్‌షాల కాలంల మొదలువెడితె 1694ల ఔరంగజేబు పూర్తి చేయించిండు. నమాజ్ టైం గాకుంటె అందరు పోవచ్చు, చెప్పులిడిసి, మోకాళ్లు కప్పుకొని పోవాలె.

చార్మినార్ నీడల్నే నిమ్రా. ఈడ చాయ్ తాగాలె. ఇరానీ చాయ్ అంటె మన ఇంట్ల లెక్క అన్నీ ఒక్క గిన్నెల మరిగిచ్చుడు గాదు. డికాక్షన్ వేరె గిన్నెల మూతవెట్టి సన్నమంట మీద గంటలకొద్ది ఉంచుతరు. పాలు వేరె చిక్కగ కాగుతుంటయి. కప్పుల డికాక్షన్ పోసి మీద పాలు పోస్తరు. పాలు ఎక్కువ గావాల్నంటె "పౌనా" అనాలె. ఉస్మానియా బిస్కెట్ తియ్యగ, ఉప్పగ రెండూ ఉంటది, చాయ్ల ముంచి తినాలె.

భాష గురించి భయపడకుండ్రి. "నక్కో" అంటె వద్దు, "హౌ" అంటె అవును, "కైకు" అంటె ఎందుకు. మీకు ఉర్దూ రాదనుకుంటున్నరు గని దవాఖాన, సడక్, తారీఖు, జల్ది, జర, ఖాళీ ఇవన్నీ మీ నాయినమ్మ మాట్లాడే మాటలే. ఆ సర్వర్ "క్యా హోనా" అంటె "ఏక్ చాయ్" అంటె అయిపోవు. నాకు గది తెల్వక ఆరు గంటలు పోయినయి.

లాడ్‌బజార్ల లక్క గాజులు కొనుండ్రి. లక్కను నిప్పుల మీద మెత్తగ చేసి, చుట్టి, ఒక్కొక్క రాయి చేతితోని అతుకుతరు. అవి ఎక్కువ శాతం గల్లీలల్ల ఇండ్లల్లనే తయారైతయి, ఆడోళ్ల చేతులతోని. దుకాణపోనితోని బేరం చెయ్యిండ్రి, గట్టిగనే చెయ్యిండ్రి. ఫుట్‌పాత్ మీద కూసున్న ముసలామెతోని పది రూపాయలకు కొట్లాడకుండ్రి. ఎండల కూసొని కూరగాయలు అమ్మే మన అమ్మలను మర్చిపోయినోళ్లే ఆ పని చేస్తరు.

పొద్దు మునుగంగ కోఠికి రాండ్రి. పాత మహిళా కాలేజీ, ఇప్పటి మహిళా యూనివర్సిటీ లోపట పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్నది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్ మనుషులను తీస్కపోయి దాని మీద పడ్డడు. సిపాయిల తిరుగుబాటు అంటె మీరట్, ఢిల్లీ అని సదువుకున్నం గదా, పరీక్షల అడిగితె ఈ పేరు గూడ రాయిండ్రి. కోఠి బస్టాప్ కాడ ఆయన యాదిల ఒక స్తూపం ఉన్నది, దాని పక్కనే బస్సు కోసం నిలబడేటోళ్లకు తెల్వది. సుల్తాన్‌బజార్ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం చూడుండ్రి. ఉర్దూ రాజ్యంల తెలుగు సదువుకోనీకె 1901ల పెట్టిన లైబ్రరీ. మన భాషకు ఈ పట్నంల మొదటి ఇల్లు అనుకోవచ్చు. పానీపూరి గిట్ల తినాలె అంటె గోకుల్ చాట్ అక్కడ్నే.

ఐతారం పరీక్ష రాసినంక ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు. కొత్తదాంట్ల సగం ధరకు గూడ దొరుకుతయి, ఎడిషన్ ఏడాది చూస్కొని తీస్కోండ్రి. టైముంటె అసెంబ్లీ ముంగట గన్‌పార్క్ల 1969 అమరుల స్తూపం కాడ జరంతసేపు ఆగుండ్రి, ఆళ్లల్ల ఎక్కువ మంది మీ ఈడు పోరగాండ్లే. గోల్కొండకు మాత్రం ఒక పూట వేరేగ పెట్టుకోవాలె. ఫతే దర్వాజ కాడ చప్పట్లు కొడ్తె మీద బాలాహిసార్ల ఇనపడ్తది. రామదాసు జైలు గూడ ఆడ్నే. ఆషాఢంల పోతె బోనాలు మొదలయ్యేది గక్కడికెల్లే.

మావోడు ఐతారం రాత్రి బస్సెక్కినంక ఫోన్ చేసిండు. మొత్తం 420 ఖర్చయినయంట, అందుల గాజులే 150. "మామా, ఆ చింతచెట్టు కింద కూసున్న. ఒక ముసలామె, మనుమన్ని దవాఖానల చూపియ్యనీకె వచ్చిందట, దేవరకొండ దిక్కు. సద్ది ఇప్పి నాకు గూడ ఇంత పెట్టింది. ఖిచిడీ తిన్న అవ్వా అంటె ఇనలె" అన్నడు. ఏం కూర అని అడిగిన. చింతచిగురు పప్పట.

పరీక్ష ఎట్ల రాసినవ్‌రా అని అడుగుడే మర్చిపోయిన.