ఏం నాయనా, మా సామి ఏడకి పోయినాడు?

తిరుపతిలో ఏ ఆఫీసుకైనా వెళ్లి ఓ పది కంప్యూటర్లు చూడండి. కొన్నింటి మీద శ్రీవారు ఉంటారు. ఒకదాని మీద పాప మొదటి పుట్టినరోజు ఫొటో, ఇంకోదాని మీద పవన్ కల్యాణో ప్రభాసో. మూల సీట్లో మాత్రం కొన్నప్పటి నుంచీ మారని విండోస్ నీలం తెర. ఈ పదింటినీ ఒకే బొమ్మకి మార్చేయాలని యాజమాన్యానికి ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. మధ్యలో లోగో, పక్కన నినాదం, కింద వెబ్‌సైటు పేరు. ఆ పని వచ్చి పడేది మాలాంటి వాళ్ల మీదే.

మా సంస్థకి హెడ్డాఫీసు తిరుపతిలో ఉంది. చిత్తూరు, పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తిలో బ్రాంచీలు. అన్నీ కలిపి దాదాపు 200 కంప్యూటర్లు. నేను రాసేది కోడే అయినా, వాటి బాగోగులూ నా నెత్తినే ఉన్నాయి. ‘అన్ని తెరలూ ఒకేలా ఉండాలి’ అని పైనుంచి మెయిల్ వచ్చింది.

ఒక్క చోట మారిస్తే చాలు

పెన్‌డ్రైవ్ పట్టుకుని ఊరూరా తిరగాలనుకునేరు. అక్కర్లేదు. విండోస్ 2000 కాలం నుంచీ గ్రూప్ పాలసీ అని ఒకటి ఉంది. కంప్యూటర్లన్నీ ఒకే డొమైన్‌లో చేరి ఉంటే, సర్వర్‌లో ‘డెస్క్‌టాప్ వాల్‌పేపర్’ అనే సెట్టింగ్ ఆన్ చేసి, బొమ్మ ఎక్కడుందో చెబితే సరిపోతుంది. కంప్యూటర్లు మామూలుగా 90 నిమిషాలకోసారి ‘కొత్త సంగతులేమైనా ఉన్నాయా’ అని సర్వర్‌ని అడుగుతుంటాయి. అన్నీ ఒకేసారి మీద పడకుండా ఒక్కోటి ఇంకో 30 నిమిషాల వరకూ ఆలస్యంగా అడుగుతుంది. కొత్త బొమ్మ మాత్రం చాలాసార్లు లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే కనపడుతుంది. హోమ్ ఎడిషన్ ఉన్న వాటితో ఈ పని కాదు, అవి డొమైన్‌లోనే చేరవు.

వినడానికి తేలికే. చిక్కులన్నీ బొమ్మ దగ్గరే ఉన్నాయి. డిజైనర్ పంపిన ఫైలు 5 ఎంబీ ఉందనుకోండి. పొద్దున తొమ్మిదిన్నరకి 200 మంది లాగిన్ అయి అందరూ సర్వర్ నుంచే లాక్కుంటే 1 జీబీ. ఇక బ్రాంచీలో నెట్ లేని పూట ఆ బొమ్మ దొరక్క తెర నల్లగా మిగిలిపోవచ్చు. అందుకే ముందు బొమ్మని చిన్నది చేసి, ప్రతి కంప్యూటర్ సీ డ్రైవ్‌లోకీ కాపీ అయ్యేలా చేసి, పాలసీకి ఆ దారే చూపించాలి.

ఇంకోటి, మానిటర్ ఆకారం. కొత్తవి వెడల్పుగా 1920×1080లో ఉంటాయి. పాత 1280×1024 మానిటర్లు చతురస్రానికి దగ్గరగా ఉంటాయి. వెడల్పు బొమ్మని ‘ఫిల్’లో పెడితే పాత తెర మీద అటూ ఇటూ దాదాపు 15 శాతం చొప్పున తెగిపోతుంది. ఎడమన ఐకాన్లు, కింద టాస్క్‌బార్ ఎటూ ఉంటాయి. కాబట్టి చదవాల్సిన అక్షరాలు కుడి అంచుకి కాస్త లోపలగా ఉండాలి.

తాళం ఎందుకు?

ముందుగా పుత్తూరు బ్రాంచిలో పెట్టి చూశాం. గంటలో క్యాషియర్ అక్క ఫోన్. “ఏం నాయనా, మా సామి ఏడకి పోయినాడు? పొద్దున్నే ఆయన మొకం చూసి పని మొదలుపెడతా. ఇప్పుడు లోగోకి దండం పెట్టుకోవాల్నా?”

నవ్వొచ్చింది గానీ, ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. తను ఎక్కడ పని చేస్తోందో ఆమెకి రోజూ లోగో చెప్పాలా?

అందరికీ ఒకే బొమ్మ అనేది కొత్తేం కాదు. 1996లో చార్లెస్ ఓరియర్ కాలిఫోర్నియాలోని సోనోమా దగ్గర తీసిన పచ్చని కొండ ఫొటో, 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ప్రపంచమంతా తిరిగింది. మన ఇంటర్నెట్ సెంటర్లలో ఎంసెట్ ర్యాంకు చూసుకున్నదీ ఆ కొండ మీదే. దాని మీద ఎవరూ పోట్లాడలేదు. నచ్చకపోతే మార్చుకోవచ్చు కదా. 2013లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థులకి పంచిన ల్యాప్‌టాప్‌ల తెర మీద ములాయం, అఖిలేష్ ఫొటోలు వచ్చినప్పుడు మాత్రం విమర్శలు రేగాయి. ముందే పెట్టి ఇచ్చిన బొమ్మ వేరు, మన మీద రుద్దిన బొమ్మ వేరు.

అందుకే మీటింగ్‌లో నేను ఒకటే అడిగాను. ఈ తెర ముందు కూర్చునే మనిషికి ఈ బొమ్మ వల్ల ఏం లాభం? జవాబుగా మూడు విషయాలు తేలాయి.

ఒకటి, మా హెల్ప్‌డెస్క్ నంబరు. ‘మీ సిస్టమ్‌లో వైరస్ ఉంది, ఈ యాప్ వేసుకోండి’ అని ఎవడో ఫోన్ చేస్తే, అది మేమేనా అని తేల్చుకోవడానికి అసలు నంబరు కళ్లెదుట ఉండాలి. రెండు, 1930. సైబర్ మోసంలో డబ్బు పోతే ఫోన్ చేయాల్సిన జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎంత తొందరగా చేస్తే డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మూడు, కంప్యూటర్ పేరు. ‘మీ కంప్యూటర్ పేరేంటక్కా?’ అంటే ‘డెల్లు నాయనా’ అనే జవాబు నేను చాలాసార్లు విన్నాను. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల బీజీఇన్ఫో అనే ఉచిత టూల్ ఆ పేరుని వాల్‌పేపర్ మీదే రాసేస్తుంది.

చివరికి కుదిరింది ఇదీ. కస్టమర్లకి తెర కనపడే కౌంటర్లలో సంస్థ బొమ్మకి తాళం. మిగతా సీట్లలో గ్రూప్ పాలసీలోనే ఉన్న ‘ఒక్కసారే పెట్టు, మళ్లీ పెట్టకు’ అనే పద్ధతి. బొమ్మ ఒకసారి వస్తుంది, నచ్చనివాళ్లు మార్చుకోవచ్చు. మార్చేసినా నంబర్లు, పేరు పోకుండా మానిటర్ అంచున చిన్న స్టిక్కర్. పుత్తూరు అక్క సీటు కౌంటర్‌కి వెనక, లోపలి గదిలో ఉంది. సామి తిరిగొచ్చాడు, కింద స్టిక్కరూ ఉంది.

మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాల్‌పేపర్ మారడం లేదా? ‘కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయి’ అని చూపిస్తోందా? అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బొమ్మ మార్చిన చెయ్యి కొత్త సాఫ్ట్‌వేర్ వేయగలదు, పెన్‌డ్రైవ్ ఆపగలదు, కావాలంటే మొత్తం తుడిచేయగలదు. వాల్‌పేపర్ అందులో పైకి కనపడే ముక్క మాత్రమే. ఆ మెషీన్ మీది కాదు. ఇంటి ఫొటోలు, బ్యాంకు పాస్‌వర్డులు అందులో దాచకండి. సామి ఫొటో అయితే పర్లేదు, ఆయన కొండ మీదా ఉంటాడు.