సెకనుకో బిందెడు గాలి

ఎండలూ పెళ్లిళ్లూ మనకు జంటగానే వస్తాయి. తెనాలిలో ఇంటి దగ్గరే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే మా మేనమామ కొడుకు కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"బావా, మన సిస్టమ్ పనైపోయింది. గంటలో అయ్యే రెండర్ రెండు గంటలైనా తెమలడం లేదు. ఒకాయన్ని పిలిచి చూపిస్తే మదర్‌బోర్డ్ మార్చాలన్నాడు. ఆ డబ్బులేవో పెట్టి కొత్తదే కొనేస్తే పోలా?"

అది కొని పదహారు నెలలు. బిగించిన రోజు నేనూ పక్కనే ఉన్నాను.

"ముందు సైడ్ కవర్ తియ్యరా. లోపలివైపు ఒక చీటీ అంటించాం, గుర్తుందా? అది చదువు."

"జనవరి. గది 24. రెండర్ అరగంట, ఫ్యాన్ ఫుల్. చిప్ 74."

"మరి ఇప్పుడెంతుంది?"

"గోడ మీద 39. చిప్ వంద కొట్టి అక్కడే కూర్చుంది."

గదిలో పెరిగింది 15 డిగ్రీలు. చిప్‌లో పెరిగింది 26. పదిహేనూ ఎండ ఖాతాలో రాసేద్దాం. మిగతా 11 ఎవరివి? వేసవిలో కంప్యూటర్ మొరాయిస్తే ఎవరైనా మొదట వేసుకోవలసిన లెక్క ఇదే.

ఇస్త్రీపెట్టె ఓడిపోయే చోటు

మన ఇళ్లలో సీపీయూ అంటే బల్ల కింద ఉండే మొత్తం డబ్బా. అసలు సీపీయూ ఆ డబ్బాలో, మదర్‌బోర్డ్ మీద, ఫ్యాన్ కింద దాక్కున్న చిన్న చిప్. దాని లోహపు మూత కింద ఉన్న సిలికాన్ ముక్క బొటనవేలి గోరంత, అటూ ఇటుగా రెండు చదరపు సెంటీమీటర్లు. అందులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్ల సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఆ ప్రతి మార్పుకూ కాస్త కరెంటు కావాలి. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. లెక్క తేలుతుంది, జవాబు తెర మీదికి వస్తుంది, తాగిన కరెంటు మాత్రం చిప్‌లో వేడై మిగులుతుంది.

ఇంట్లో వాడే మామూలు చిప్ 65 వాట్లు తీసుకుంటుందనుకుందాం. చూడ్డానికి ఒక పాతకాలపు బల్బంత. కానీ ఎంత చోటులో అన్నది అసలు సంగతి. 750 వాట్ల ఇస్త్రీపెట్టె తన వేడిని దాదాపు 150 చదరపు సెంటీమీటర్ల అడుగున పరుస్తుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. చిప్‌లో అదే చోటుకు 30 వాట్ల పైమాటే. చొక్కా మడత విరిచే ఇస్త్రీపెట్టెకు ఆరు రెట్లు! ఆ వేడిని పుట్టింది పుట్టినట్టు బయటికి మోసెయ్యకపోతే, తనను తాను కాచుకోలేని చిప్ క్షణాల్లో మాడిపోతుంది.

పేరుకే కూలర్

మోసే పనికి ఒక వరస ఉంది. చిప్ నుంచి లోహపు మూతకు, మూత నుంచి పేస్ట్ మీదుగా హీట్‌సింక్‌కు, దాని రెక్కల నుంచి ఫ్యాన్ గాలికి, గాలి నుంచి గదికి. ఇందులో ఎక్కడ అడ్డు తగిలినా వేడి వెనక్కి చిప్ మీదే పోగుపడుతుంది.

ఎంత నున్నగా కనిపించినా రెండు లోహాలు పూర్తిగా అతుక్కోవు. మధ్యలో కంటికి కనబడని గుంటల్లో గాలి ఇరుక్కుంటుంది. వేడిని మోయడంలో రాగి గాలికంటే సుమారు 15 వేల రెట్లు మెరుగు. అందుకే ఆ సన్నటి గాలిపొర కూడా గోడలా అడ్డుపడుతుంది. గాలిని తోసేసి ఆ గుంటలు పూడ్చడానికే థర్మల్ పేస్ట్. కందిగింజకు కాస్త పెద్దదిగా, బఠాణీ గింజంత పెడితే చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం అనుకోవడం పొరపాటు. పేస్ట్ రాగి కాదు, గాలికంటే నయం, అంతే.

కొంచెం ఖరీదైన హీట్‌సింక్‌లలో రాగి గొట్టాలు కనిపిస్తాయి. వాటిని చాలామంది గట్టి కడ్డీలనుకుంటారు. లోపల బోలు, ఆ బోలులో కొన్ని చుక్కల నీరు. గాలి తీసేసి మూసినందువల్ల ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై పైకి వెళ్తుంది, రెక్కల దగ్గర వేడి దించి మళ్లీ నీరై వెనక్కి ఇంకుతుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని తయారు చేశాడు. మన మట్టికుండ చేసేదీ ఇలాంటి పనే, ఒక్క తేడాతో. కుండలో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది. అందువల్లే కుండనీరు గదికంటే చల్లబడుతుంది. గొట్టంలోని నీరు ఎటూ పోదు, వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేస్తుందంతే.

వేసవిలో కిటికీకి పెట్టుకునే కూలర్, కంప్యూటర్‌లోని కూలర్ పేరులోనే ఒకటి. మొదటిది నీటిని ఆవిరి చేసి గాలిని నిజంగానే చల్లబరుస్తుంది. రెండోది ఎంత తిరిగినా చిప్‌ను గదికంటే చల్లగా చెయ్యలేదు. దాని చేతిలో ఉన్నది గదికీ చిప్‌కీ మధ్య తేడాను తగ్గించడం వరకే.

అంకె కాదు, తేడా

వేడి వస్తువు చల్లబడే వేగం చుట్టూ ఉన్న గాలికీ దానికీ ఉన్న తేడాను బట్టి ఉంటుందని న్యూటన్ 1701లోనే రాశాడు. అదే సూత్రం ఇక్కడా. చేసే పని ఒకటే, ఫ్యాన్ వేగం ఒకటే అయితే చిప్‌కీ గదికీ తేడా దాదాపు మారదు. జనవరిలో 24, 74. తేడా 50. అదే మిషన్ మే నెలలో 39 డిగ్రీల గదిలో 89 దగ్గర నిలవాలి. అలా నిలిస్తే కంప్యూటర్‌కు ఏ జబ్బూ లేదు, ఎండ తగిలిందంతే. తేడా 50 నుంచి 61కి పెరిగిందంటే మాత్రం వేడి దారిలో ఎక్కడో అడ్డు పడింది.

చిప్ వేడి ఒక్కటే చూసి కంగారు పడటం అనవసరమనేది అందుకే. పక్కన గది వేడి రాయని అంకె సగం మాటే. పైగా కొన్ని కొత్త చిప్‌లు పూర్తి పనిలో 95 దగ్గరే ఉండేలా తయారైనవి. మీ చిప్ హద్దెంతో తయారీదారు వివరాల్లో ఉంటుంది, ఎక్కువగా 90కీ 100కీ మధ్య.

హద్దు తగిలితే ఏమవుతుంది? 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సంస్థ నడుస్తున్న కంప్యూటర్ల నుంచి హీట్‌సింక్ ఊడబెరికి వీడియో తీసింది. అప్పటి అథ్లాన్ చిప్ పొగలు కక్కి చచ్చిపోయింది. పెంటియం 4 వేగం తగ్గించుకుని, నత్తనడకన ఆట నడిపిస్తూనే ఉంది. ఈ రోజు చిప్‌లన్నీ ఆ రెండోదాని దారే పట్టాయి. లోపలి సెన్సర్లు హద్దు తగిలిందనగానే వేగాన్ని కోసేస్తాయి, అప్పటికీ ఆగకపోతే మిషన్‌నే కట్టేస్తాయి.

మావాడి రెండర్ తెమలకపోవడానికి కారణం ఇదీ. సిస్టమ్ ముసలిదై కాదు, ఒళ్లు కాలకుండా కాచుకుంటూ. ఆ లెక్కన 11 కూడా పూర్తి అంకె కాదు. చిప్ వెనక్కి తగ్గింది కాబట్టి వంద దగ్గర ఆగింది, లేకపోతే ఇంకా పైకి పోయేది.

చిప్ తనను కాచుకుంటుంది కదా, మనకెందుకు అనుకోవద్దు. డబ్బాలో తమను తాము కాచుకోలేనివీ ఉన్నాయి. డబ్బాకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో ద్రవం నింపిన కెపాసిటర్లు 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో పనిచేస్తే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

నాడి చూడటం

కొలవడానికి ఖర్చు లేదు. విండోస్‌లో కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో సెన్సర్స్ అన్న ఆదేశం చిప్ వేడిని చూపిస్తాయి. విండోస్ టాస్క్ మేనేజర్ గ్రాఫిక్స్ కార్డు వేడి చెబుతుంది కానీ సీపీయూది చెప్పదు. ఊరికే ఉన్నప్పటి అంకె దేనికీ పనికిరాదు. అరగంట బరువైన పని పెట్టి చూడాలి.

ఎంత పెరిగిందన్నదే కాదు, ఎలా పెరిగిందన్నదీ చూడండి. పని మొదలుపెట్టిన నాలుగైదు సెకన్లలోనే 40 డిగ్రీలు ఎగిరి హద్దుకు చేరితే అనుమానం చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్యనే. పేస్ట్ ఎండిపోయిందో, బిగించిన పిన్ను ఒకటి ఊడిందో. పావుగంట, ఇరవై నిమిషాలు మెల్లగా ఎక్కుతూ పోతే డబ్బాకు ఊపిరాడటం లేదన్నమాట. సైడ్ కవర్ తీసి మళ్లీ చూడండి. అంకె గబగబా దిగితే గాలి దారి మూసుకుంది. పెద్దగా దిగకపోతే తప్పు హీట్‌సింక్ దగ్గరే ఉంది.

మావాడి మిషన్ మెల్లగా ఎక్కింది. కవర్ తీస్తే 96కి దిగి ఆగింది. రెండు జబ్బులూ కొంచెం కొంచెం ఉన్నాయి.

బిందె లెక్క

డబ్బాలో అన్నీ కలిపి 200 వాట్లు ఖర్చవుతున్నాయనుకోండి. లోపలి గాలి బయటి గాలికంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు 17, 18 లీటర్ల గాలి మారాలి. అంటే సెకనుకో పెద్ద బిందెడు. ఫ్యాన్ ఒక బిందె కొత్త గాలి పొయ్యాలి, ఇంకో బిందె పాత గాలి తోడెయ్యాలి, రెండర్ జరిగినంతసేపూ.

ఇప్పుడు మన కంప్యూటర్ టేబుల్ చూడండి. సీపీయూ కోసం కింద ఒక అర, దానికి తలుపు, వెనక చెక్క. వెనక్కి తోసిన వేడి గాలి చెక్కకు తగిలి తిరిగి ముందునుంచే లోపలికి వస్తుంది. గదిలో 39 ఉన్నా చిప్‌కు ఆ అరే గది, అక్కడ 45 ఉండొచ్చు. తలుపు తీసెయ్యడం, డబ్బాను బయటికి జరిపి వెనక జానెడు చోటు వదలడం పైసా ఖర్చులేని వైద్యం. డబ్బా మీద కప్పే గుడ్డ మిషన్ కట్టేశాకే.

వారం తిరక్కుండా తెనాలి వెళ్లాను. ప్లగ్ పీకి, డబ్బా వరండాలోకి తెచ్చి టార్చి వేసి చూశాం. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పెద్దగా లేదు. ఫ్యాన్ విప్పితే బయటపడింది సంగతి. హీట్‌సింక్ సందులన్నిటి మీదా బూడిదరంగు దుమ్ము పొరగా పేరుకుని, అంచు పట్టి లాగితే పాత దుప్పటి ముక్కలా ఊడి వచ్చింది. బయటినుంచి చూసినవాళ్లకు ఫ్యాన్ తిరుగుతూనే కనిపిస్తుంది. దాని గాలి మాత్రం ఆ దుప్పటి దాటలేదు.

బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ చెడిపోవచ్చు. తడిగుడ్డ వద్దు. స్టాటిక్ కరెంటు పుట్టించే మామూలు వాక్యూమ్ క్లీనర్‌నూ బోర్డు దగ్గరికి రానివ్వకూడదు. లోపల చెయ్యి పెట్టే ముందు డబ్బా ఇనుప ఒళ్లు ఒకసారి తాకితే మన ఒంట్లో పోగైన కరెంటు దిగిపోతుంది.

శుభ్రం చేశాక కూడా ఎండ మిగులుతుంది కదా. దానికి చిప్‌నే కాస్త తగ్గి ఉండమనాలి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించితే చాలా మిషన్లలో టర్బో అనే అదనపు వేగం ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది కానీ వేడి బాగా దిగుతుంది. చిప్ కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉండటమే కారణం. టర్బోకు ఎక్కువ వోల్టేజీ కావాలి. వోల్టేజీ 10 శాతం తగ్గితే, వేగం మారకపోయినా, ఖర్చు 19 శాతం తగ్గుతుంది. రాత్రికి రెండర్ పెట్టుకోవడం ఇంకా తేలిక. గది అయిదారు డిగ్రీలు దిగితే చిప్ కూడా అంతే దిగుతుంది.

ఆ సాయంత్రం అన్నీ బిగించి అరగంట రెండర్ పెట్టాం. గోడ మీద 38. చిప్ 90. మావాడు సైడ్ కవర్ మళ్లీ ఊడదీసి, చీటీలో జనవరి కింద ఇంకో వరస రాశాడు. "మే. గది 38. చిప్ 90." ఒక్క క్షణం వేళ్ల మీద లెక్కేసి, చివర "తేడా 52" అని చేర్చాడు.

"ఇంకా రెండు మిగిలాయి బావా" అన్నాడు.

"పేస్ట్ అయ్యుంటుంది. పెళ్లిళ్లు అయిపోయాక చూద్దాంలే."