పులికాట్‌లో వంతు ఎవరిది?

చలికాలం సెలవులకు సూళ్లూరుపేట వైపు పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు చాలామందే. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు, శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ లోతులేని నీళ్లలో రాజహంసలు. చూడాల్సినవే, మేమూ చూశాం. కానీ అవే నీళ్లలో నడుం వంచి చేత్తో రొయ్యలు తడుముకునే యానాదులు పక్షుల జాబితా పట్టుకుని వచ్చినవాళ్ల కంట పడరు.

పులికాట్‌లో వేటకు 'పాడు' అనే పాత కట్టుబాటు ఉంది. రొయ్య బాగా పడే చోట్లలో ఎవరు ఎప్పుడు వల వేయాలో చీట్లు తీసి వంతులు పంచుకుంటారు. సరస్సును కాపాడే పద్ధతి అని దీన్ని మెచ్చుకున్న పరిశోధకులున్నారు. నిజమే, కాకపోతే వంతు పుట్టుకతో వస్తుంది. పట్టపు కులం మగవాళ్లకే పాడు. వాళ్లూ బీసీలే, ధనవంతులేం కాదు. అయినా దళితులకు, యానాదులకు మిగిలేది అంచులే.

ఆ అంచుల మీద 1976లో ప్రభుత్వం ఇంకో గీత గీసింది. పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాలయ్యాయి. అంతకుముందే రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి నుంచి యానాదుల్ని తరలించారు. నేలపట్టు రైతులు పక్షుల్ని కాపాడుకున్నారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు మరి. పొలమే లేనివాడికి?

ఇక్కడ పనికొచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం. అది అభయారణ్యాలకూ వర్తిస్తుంది. సెక్షన్ 3(1)(డి) చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. యానాదులు ఎస్టీలు కనుక 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ అక్కడే ఉంటూ దాని మీదే బతుకుతున్నామని చూపితే చాలు. దళితులు మాత్రం 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' కిందికి వస్తారు, ఆ తేదీకి ముందు 75 ఏళ్ల నివాసం చూపాలి. తాతల కాలంలో పట్టా ఎవరిచ్చారు మనకు?

అయితే కాగితమే సాక్ష్యం కాదు. నిబంధన 13 ప్రకారం దరఖాస్తుదారులు కాని పెద్దలు చెప్పింది రాసి పెట్టినా సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, మొక్కులు తీర్చే చోటు కూడా లెక్కలోకి వస్తాయి. ఒకటికి మించి చూపాలి. దరఖాస్తు మొదట వెళ్లేది అటవీ శాఖకు కాదు, గ్రామసభకు.